ముప్పై ఒకటో కిలోమీటరు దగ్గర విప్పిన బూట్లు

పరుగు పందెం కార్యదర్శి గారికి,

మారథాన్ ఊరి నుంచి ఏథెన్సు దాకా మొన్న ఆదివారం పరిగెత్తిన వాళ్ల జాబితాలో నా నంబరు పక్కన "మధ్యలో మానుకున్నారు" అని రాశారు. మా మరిది థనాసిస్ ఆ కాగితాన్ని తన కాఫీ కొట్టు గోడకి అంటించాడు. "ఏం వదినా, ఎత్తు చూసి దడుసుకున్నావా?" అని అందరి ముందూ అడుగుతున్నాడు. మీవాళ్లు మెడలో వేసిన పతకం చూపిస్తే, "ఎవర్ని అడిగి తెచ్చుకున్నావ్?" అంటున్నాడు.

జరిగింది చెబుతాను. ముప్పై ఒకటో కిలోమీటరు దగ్గర నా మడమలు చిట్లి నెత్తురు కారింది. రోడ్డు పక్కన కాచుకునున్న మా ఆడపడుచు ఎవాంథియా, "అవి విప్పి పారెయ్ వదినా, నావి తొడుక్కో" అంది. పరుగు లెక్కపెట్టే మీ చిప్పు నా బూటు లేసుకే ఉండిపోయింది. తనేమో ఆ బూట్లు సంచిలో వేసుకుని, చేపలు వేయించాలని బస్సెక్కి ఇంటికెళ్లిపోయింది. నేను పందెం ముగిసే స్టేడియం దాకా పరిగెత్తాను.

అయ్యా, ఆ దారి మీకు తెలియందా? అక్కడిదాకా ఎత్తు, అక్కడి నుంచి పల్లం. యాభై ఎనిమిదేళ్ల మనిషి ఎత్తంతా ఎక్కి, పల్లం మొదలయ్యే చోట మానుకుంటుందా?

ఆ మాట కొట్టేయండి. సాక్ష్యానికి నా బూట్లు పంపుతున్నాను. చిప్పు విప్పలేదు, నెత్తురు కడగలేదు. మిగిలిన పదకొండు కిలోమీటర్లూ ఎవాంథియా బూట్లలో ఉన్నాయి. అవి మాత్రం పంపను. వచ్చే నవంబరు పరుగుకి నాకు కావాలి.

ఇట్లు,
మానుకోని 6114 నంబరు మనిషి