ఎవరూ నొక్కని జవాబు

తిరుపతి,
మంగళవారం.

హరినాథన్నకు,

ఈడ అందరం బాగుండాం. వదినకు మోకాలినొప్పి ఎట్లుండాది?

ఆస్పత్రిలో నన్ను ఎమర్జెన్సీ వార్డు నుంచి మార్చినారు. కొత్త నర్సులకు కంప్యూటర్లో పాఠాలు తయారుచేసే పని ఇచ్చినారు. తెరమీద రోగి వచ్చి బాధ చెప్తాడు. నాలుగు జవాబుల్లో ఒకటి నొక్కాల. తప్పు నొక్కితే రోగి చచ్చిపోతాడు.

మొదటి రోగిగా నాయననే పెట్టినాను. ఆయన మాటే రాసినాను: "రొమ్ములో మంటమ్మా, ఎడమచెయ్యి లాగతా ఉండాది." నాలుగో జవాబు: "గ్యాసే, సోడా తాగి పండుకో."

నలభైమంది కొత్త నర్సు పిల్లోళ్ళు ఈ పాఠం చేసినారు. ఒక్కరూ దాన్ని నొక్కలేదు. అందరూ ఈసీజీ తీయించి నాయనను బతికించినారు. "ఎమర్జెన్సీలో పనిచేసేవాళ్ళు ఎవరూ ఇట్లా చెప్పరమ్మా, ఆ జవాబు తీసెయ్" అంటాడు మా డాక్టరు. తీసేదానికి నాకు చెయ్యి రాలేదు.

నాయన పోయిన రోజు పొద్దున కార్వేటినగరం నుంచి నాకు ఫోన్ చేసినాడని నీకు తెలుసు. అప్పుడు నేను వార్డులో, అలిపిరి మెట్లమీద పడిపోయినోళ్ళను చూసుకుంటా ఉండినాను. ఆయనకు నేనేం చెప్పినానో నువ్వు ఇంతవరకూ అడగలేదు.

ఇప్పుడైనా అడుగు అన్నా.

నీ చెల్లెలు