పాలకొల్లు ఎర్ర కారు ధర

రాజమండ్రి

చి. తమ్ముడు గణేష్‌బాబుకు,

ఇక్కడ అందరం కులాసా. ఫోనులో చెబితే ఆ క్షణమే కారు అమ్మే అచ్చాయమ్మగారితో బేరం మొదలుపెడతావని కార్డు రాస్తున్నాను.

నువ్వు కొంటానన్న పాత స్పోర్ట్స్ కారును పాలకొల్లు వెళ్లి చూశాను. ఇంజను అసలుదే, నంబర్లు కాగితాలతో సరిపోయాయి. కానీ లోపల కార్పెట్ ఎత్తితే కింద రేకంతా తుప్పే. స్క్రూడ్రైవర్ ఆనిస్తే దిగబడిపోయింది. భర్త పోయినప్పటి నుంచి ఆవిడ ప్రతి దసరాకీ బిందెలతో నీళ్లు పోసి, లోపలా బయటా కడిగించి, బొట్లు పెట్టి షెడ్డు మూసేస్తున్నారు. “ఆయన ఉన్నప్పటికంటే శుభ్రంగా చూసుకున్నానండి” అన్నారు. రోజూ ఇన్సూరెన్సు వాళ్ల కోసం దెబ్బతిన్న బళ్లకు విలువ కట్టేదాన్నే, అయినా ఆ నీళ్ల వల్లే తుప్పని చెప్పకుండా కార్పెట్ మళ్లీ పరిచేశాను.

ఆవిడ చెప్పిన దాంట్లో సగం న్యాయమైన ధర. ఎక్కువా వద్దు, తక్కువా వద్దు. ఎందుకు తగ్గిస్తున్నావని అడిగితే పార్టులు దొరకవని చెప్పు. నీళ్ల మాట ఎత్తావో, ఊరుకోను.

మరదలి మోకాలు తగ్గిందా? అమ్మ శాలువా మీ ఇంట్లోనే ఉండిపోయింది, ఎవరితోనైనా పంపు.

కారు ఎవరు కొన్నా దసరాకి కడిగి బొట్టు పెట్టాలని ఆవిడ కోరిక. నీ తరఫున మాటిచ్చాను. తడిగుడ్డతో తుడిచి, బొట్టు మాత్రం మర్చిపోకుండా పెట్టు.

పిల్లలకు ముద్దులు, మీ ఇద్దరికీ దీవెనలు.

మీ అక్క
సాయిదుర్గ