తల మీద చేతులు

ప్రేమగల అక్కకు,

ప్రభువు కృప నీ మోకాళ్ళకు తోడై ఉండాలని కోరుతూ నీ తమ్ముడు రాస్తున్నాను. ఫోనులో చెప్పొచ్చు కదా అంటావు. ఫోనులో నువ్వే మాట్లాడతావు. అందుకే కాగితం తీసుకున్నాను.

నా తలనొప్పి సంగతి నీకు తెలుసు, ఎంతవరకు వచ్చిందో తెలీదు. కుడి కంటి వెనక ఎవరో తీరిగ్గా కూర్చుని మేకు దిగ్గొడుతున్నట్టుంటుంది. వెలుతురు పడితే వాంతి. వెలుగు గురించి అంత ప్రసంగించే నేను కిటికీలకు దుప్పట్లు కట్టుకుని పడుకుంటున్నాను. పెద్దాసుపత్రిలో తల లోపల ఫోటోలు తీసి, ప్రమాదం ఏమీ లేదు, మైగ్రేన్ అని మాత్రలు ఇచ్చారు. మాత్రలు కొన్నాళ్ళు మాట విన్నాయి. తరవాత అవీ మా సంఘస్థుల్లాగే తయారయ్యాయి.

చివరికి నా రంగుల పనికి డబ్బాలు అమ్మే ఆయన ఒక చోటు చెప్పాడు. మెడ పైభాగం ఒక్కటే చూసే ఒకావిడ ఉందట. చేత్తో ఎముకలు సర్దేవాళ్ళను కైరోప్రాక్టర్ అంటారట. ఆ మాట నాలిక మీదికి రావడానికే నాకు చాలాసేపు పట్టింది. సంఘంలో ఎవరికీ చెప్పకుండా వెళ్ళాను. మెట్లెక్కుతుంటే దొంగతనానికి పోతున్నట్టనిపించింది. మెడ వంచని జనమని ఆదివారం ఆదివారం అందరి మీదా నిప్పులు కురిపించేవాణ్ణి, ఆవిడ ముందు మెడ వంచాను.

ఎక్స్‌రే దీపం ముందు పెట్టి చూపించింది. తలను మోసే మొదటి ఎముక ఉంగరంలా ఉంటుంది అక్కా. నాది కొంచెం పక్కకు ఒరిగింది. "మీ నొప్పికి ఇదే కారణం కావచ్చు, కాకపోవచ్చు. కొందరికి తగ్గుతుంది, కొందరికి తగ్గదు. ఆసుపత్రి మాత్రలు మాత్రం మానకండి" అంది. ఇంత చిన్న వాగ్దానం చేసేవాళ్ళని నేనెక్కడా చూడలేదు. మా బోధకులం పరలోకానికి తక్కువ దేనికీ హామీ ఇవ్వం కదా.

మెడ పట్టుకుని విరిచేస్తుందని పళ్ళు బిగించాను. పక్కకు తిరిగి పడుకోమని, చెవి కింద ఎక్కడో ఒక్కసారి మెత్తగా నొక్కి, "అయిపోయింది" అంది.

"మొదలుపెట్టారా అమ్మా?" అన్నాను.

గుహ దగ్గర నిలబడ్డ ప్రవక్త గుర్తొచ్చాడు. దేవుడు పెనుగాలిలో లేడు, భూకంపంలో లేడు, సన్నని స్వరంలో ఉన్నాడు. ఆ సన్నని స్వరం గురించి నేను ఎంత గొంతు చించుకుని అరిచేవాణ్ణో తల్చుకుంటే సిగ్గేసింది. తరవాత మసక గదిలో కాసేపు కదలకుండా పడుకోబెట్టింది.

తగ్గింది అక్కా. ఆదివారం మధ్యాహ్నం దాకా. సాయంత్రానికి మళ్ళీ మేకు. వెళ్ళడం, తగ్గడం, ఆదివారం తిరగబెట్టడం, ఇదే వరస. వారమంతా తల వెనక్కి వాల్చి సీలింగులకు రంగు వేయడం వల్లేమోనని, గోడల పని మాత్రమే ఒప్పుకున్నాను. అయినా అంతే. "ఆదివారం మీ తల ఎవరైనా పట్టుకుంటారా? మసాజు లాంటిది?" అని అడిగిందావిడ. "అబ్బే, మేం భక్తిపరులమండీ" అన్నాను.

నవ్వకు. తరవాతి ఆదివారం గానీ నాకు బుర్రకెక్కలేదు. ఆరాధన ముగిశాక నేను మోకాళ్ళూనితే పెద్దలంతా చుట్టూ చేరి నా తల మీద చేతులుంచి, నా తలనొప్పి పోవాలని ప్రార్థిస్తారు. గేట్లు చేసే మా వెల్డర్ చెయ్యి ఒక్కటే ఇనప తలుపంత ఉంటుంది. నేర్పింది కూడా నేనే. వేళ్ళ కొసలతో తాకితే విశ్వాసం కాదు, చక్కిలిగింత, గట్టిగా పెట్టండి, మనిషి కదిలేలా ప్రార్థించండి అని బల్ల గుద్ది చెప్పాను. వాళ్ళు అక్షరాలా అలాగే చేస్తున్నారు. నా తల బావి చేదలా ఊగుతుంది. ఆ ఊపులో, చెవి కింద ఏదో జరగడం నాకే తెలిసింది. నొప్పి పోవాలని చేసే ప్రార్థనే నొప్పిని పిలుచుకొస్తోంది.

ఇప్పుడు అసలు మాట. ఆవిడ దగ్గరికి వెళ్ళడం మానేద్దామనుకుంటున్నాను. చేతులు వద్దని వాళ్ళకు చెప్పడం నా వల్ల కాదు. మొహమాటం అనుకోకు. నీ మరదలు పోయినప్పటి నుంచి నన్ను తాకే మనిషి లేడు అక్కా. కొట్లో చిల్లర కూడా బల్ల మీద పెడతారు. అయ్యగారని గౌరవించి అందరూ అల్లంత దూరంలో నిలబడతారు. వారానికి ఆ కాసేపే, ఇనుము వాసనేసే చేతులు, సబ్బు వాసనేసే చేతులు నా మీద ఉంటాయి. సాయంత్రం మేకు దిగుతుందని తెలిసీ ఆదివారం కోసం కాచుకుని ఉంటాను. ఆ చేతులు తీసేయమని ఏ నోటితో చెప్పను?

నీ తమ్ముడు


ఒరేయ్ ఉరుమూ,

నీ ఉత్తరం చదివి ముందు నవ్వాను, తరవాత ఏడ్చాను, ఆ తరవాత కోపమొచ్చింది. కోపమే ఇంకా నిలబడి ఉంది.

మనుషులు కావాలంటే మనుషులు కావాలని అడుగు. తలనొప్పిని అడ్డం పెట్టుకోవడం దేనికి? నిజం చెప్పండని ఊరందరి మీదా కేకలేస్తావే, నీ వంతు వచ్చేసరికి గొణుగుతావా? పాపం వాళ్ళు నీకు మేలు చేస్తున్నామనుకుంటూ నీ మెడ పట్టి ఊపుతున్నారు. వాళ్ళ మంచితనానికి నువ్విచ్చే మర్యాద ఇదేనా?

వచ్చే ఆదివారం చెప్పెయ్. లేకపోతే నేనే బస్సెక్కి వచ్చి మీ వేదిక ఎక్కి చెప్తాను. ఈ మోకాళ్ళతో నన్ను మెట్లెక్కించిన పాపం నీదే. దానికి ఏ లేఖనం అడ్డొస్తుందో వెతుక్కో.

మీ అక్క


ప్రేమగల అక్కకు,

చెప్పాను. అరవకుండా చెప్పాను, అందుకే ముందు ఎవరికీ వినపడలేదు. మైకు పాడైందనుకుని ఒకాయన లేచి వైర్లు కదిపాడు. "నా తల మీద చేతులు వేయకండి. మీ మీ చోట్ల నుంచే ప్రార్థన చేయండి" అని మళ్ళీ అన్నాను. ఉంగరం లాంటి ఎముక గురించి, మెడ చూసే ఆవిడ గురించి అంతా విప్పి చెప్పాను.

వెల్డర్ తన అరచేతులు చూసుకున్నాడు. "మరి ఇన్నాళ్ళూ చెప్పరేం అయ్యగారూ? గట్టిగా పెట్టమన్నారని, నా భుజం లాగేస్తున్నా నొక్కి చస్తున్నాను."

బట్టలు ఇస్త్రీ చేసే ఆవిడ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. "అయ్యగారు మూలుగుతుంటే ఆత్మ దిగుతోందనుకున్నానండీ నేను."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తరవాత ఎవరి చోట వాళ్ళు నిలబడి ప్రార్థించారు. ఒక్కరూ దగ్గరికి రాలేదు. చెప్పిన మాట వినే జనం.

సాయంత్రమైంది. అలవాటు కొద్దీ దుప్పట్లు కట్టి, పడుకుని, మేకు కోసం చూశాను. రాలేదు. చాలాసేపటికి లేచి దుప్పట్లు విప్పేశాను. దిగే పొద్దు ఎండ నేరుగా లోపలికొచ్చింది. అప్పుడు చూశాను అక్కా మా ఇంటిని. మంచంలో నీ మరదలు పడుకునే వైపు రంగు మరకల గుడ్డలు పోగేసి ఉన్నాయి. ఎప్పుడు పోగేశానో నాకే తెలీదు. నొప్పి ఉన్నన్నాళ్ళూ ఇంట్లో ఇద్దరం ఉన్నట్టుండేది, నేనూ అదీ. తల తేలికపడేసరికి ఇల్లు బరువెక్కింది. ఇలాంటి ఘడియకు ఏ లేఖనం విప్పాలో ఇతరులకు ఎన్నోసార్లు చెప్పాను. విప్పాను. చదివాను. మూశాను. మాట ఉంది, మనిషి లేడు.

చెప్పులేసుకుని పోయి వెల్డర్ తలుపు తట్టాను. అతని భార్య తీసింది. నన్ను చూసి గుండె మీద చెయ్యేసుకుంది.

"ఎవరు పోయారు అయ్యగారూ?"

అంత భయం ఎందుకో అప్పుడు అర్థమైంది. చావో, జబ్బో, పోట్లాటో లేకుండా నేను ఏ గుమ్మమూ తొక్కలేదు.

"ఎవరూ పోలేదమ్మా."

"మా ఆయన ఏమైనా అన్నాడా?"

"లేదమ్మా."

వెల్డర్ చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు. "ప్రార్థనకా? చాప వేయమంటారా?"

"వద్దు. ఊరికే వచ్చాను."

మొగుడూ పెళ్ళాలు మొహమొహాలు చూసుకున్నారు. "ఊరికే అంటే... కూర్చుంటారా?" అన్నాడు.

కూర్చున్నాను. వాళ్ళు చేతులు కట్టుకుని ఆరాధనలో లాగా ఎదురుగా కూర్చున్నారు. నేల మీద ఫ్యాను విప్పి ఉంది. వెల్డర్ దాని రెక్క బిగించబోయాడు. ఉండబట్టలేక ఆవిడ, "ఆ రెక్క అటు కాదు" అంది. "నీకేం తెలుసు" అన్నాడు. "ఇనుము కాల్చడం తప్ప నీకేం తెలుసు" అంది. నేనున్న సంగతి మరిచిపోయి హాయిగా పోట్లాడుకున్నారు. రెక్క నిజంగానే అటు కాదు. నేను మధ్యవర్తిత్వం చేయలేదు, మొదటిసారి.

లేచి వస్తుంటే ఆవిడ గుమ్మం దాకా వచ్చింది.

"రేపు కూడా ఊరికేనా అయ్యగారూ? చెప్తే ఇంకో గ్లాసు బియ్యం వేస్తాను."

జవాబుకు ఒక లేఖనం కోసం వెతకబోయి మానేశాను.

"వెయ్యమ్మా" అన్నాను.

నీ తమ్ముడు