ఒక సర్క్యూట్, ఒక ల్యాండింగ్

జూన్ 2, ఆదివారం

డ్రోన్ రూల్స్ క్లాసు. పదకొండు మంది వచ్చారు, ఇద్దరు నిద్రపోయారు. నెలనెలా చెప్పే మాటలే మళ్ళీ చెప్పాను. రన్‌వే చుట్టూ మ్యాపులో గీసిన ఎర్ర గీత లోపల రాతలో పర్మిషన్ లేకుండా డ్రోన్ ఎగరేయకూడదు. నోటిమాట పర్మిషన్ కాదు. పర్మిషన్ ఉన్నా సరే, విమానం కనిపించిన క్షణంలో దించేయాలి.

ప్రొజెక్టర్ సంగతి తమ్ముడు చూసుకున్నాడు. పైకప్పులు, సెల్ టవర్లు డ్రోన్‌తో ఫొటోలు తీసివ్వడం వాడి పని. నాకన్నా తొమ్మిదేళ్ళు చిన్న. నువ్వు చెప్తుంటే నాకే డ్రోన్ ముట్టుకోబుద్ధి కాదక్కా అన్నాడు.

జూన్ 5, బుధవారం

రైట్‌రైట్ ఆరు ల్యాండింగులు చేశాడు. స్కూల్ బస్సు డ్రైవర్, నలభై మూడేళ్ళు. టేకాఫ్ ముందు అలవాటు కొద్దీ రైట్ రైట్ అంటాడని మా మెకానిక్ పెట్టిన పేరు. వారానికో గంట చొప్పున మూడేళ్ళుగా నా దగ్గర విమానం నడపడం నేర్చుకుంటున్నాడు.

అతనికి ఒకటే జబ్బు. నేల ఇంకా దూరం ఉండగానే విమానం ముక్కు ఎత్తేస్తాడు. విమానం గాల్లో తేలి, మనసు మార్చుకుని, దబ్బున కూలబడుతుంది. నెలల తరబడి బుర్ర బద్దలుకొట్టుకున్నాను. చివరికి మొన్న తట్టింది. ఇరవై ఏళ్ళు బస్సు సీట్లో కూర్చున్న మనిషి. నేలని ఆ ఎత్తు నుంచి చూడడమే అతని కళ్ళకి తెలుసు. మా టూ-సీటర్‌లో సీటు దాదాపు నేలకి ఆనుకునే ఉంటుంది. ఇది మరీ నేలబారు బండి మేడమ్ అన్నాడు.

నేల వంక చూడకండి, రన్‌వే చివర చెట్లని చూడండి అన్నాను. ఆరింట్లో నాలుగు వెన్నలా దిగాయి. ఆదివారం సోలోకి పంపిస్తాను, పక్కన నేను లేకుండా ఒక్కడినే.

జూన్ 7, శుక్రవారం

ఆదివారం సోలో అని చెప్పగానే రైట్‌రైట్ మొహం వెలిగిపోయింది. వెంటనే వాడిపోయింది. కూతురు వేరే ఊళ్ళో చదువుతోంది, పరీక్షలు, రాలేదు. తల్లి లేని పిల్ల. దానికి చూపించడానికి ఒక ఫొటో అయినా ఉంటే బాగుండేది అన్నాడు.

సాయంత్రం తమ్ముడు టీకి వస్తే చెప్పాను. వీడియో తీసిద్దాం అన్నాడు. తనే మళ్ళీ, పర్మిషన్‌కి లెటర్ పెట్టాలి కదా, నాలుగు రోజులు పడుతుందేమో అన్నాడు. చీఫ్ ఇన్‌స్ట్రక్టర్ని నేను, నేను చెప్తున్నాగా అన్నాను. గడ్డిలో నా పక్కనే నిలబడు, ఎప్పుడు దించాలో నేను చెప్తా.

సరే అక్కా అన్నాడు.

జూన్ 9, ఆదివారం, ఉదయం 5:40

గాలి లేదు. మబ్బు లేదు. ఇంతకన్నా మంచి రోజు దొరకదు.

జూన్ 9, మధ్యాహ్నం 2:00

హాస్పిటల్ కారిడార్‌లో రాస్తున్నాను. చేతులకి ఏదో ఒక పని ఉండాలి.

మూడు సర్క్యూట్లు, అంటే లేచి రన్‌వే చుట్టూ తిరిగి దిగే రౌండ్లు, కలిసి తిరిగాం. తర్వాత నేను దిగి, నా బెల్టు ఖాళీ సీటుకి కట్టి, తలుపు వేశాను. నా బరువు లేదు, త్వరగా లేస్తుంది, కంగారుపడకండి అన్నాను. తలూపాడు. నేను వెళ్ళి రన్‌వే మొదట్లో గడ్డిలో తమ్ముడి పక్కన నిలబడ్డాను. చేతిలో రేడియో.

చక్కగా లేచాడు. చక్కగా తిరిగాడు. రేడియోలో ఒక్క మాట తడబడలేదు. దిగడానికి మా వైపు తిరిగాడు. తమ్ముడు దించేయనా అక్కా అని అడిగాడు. రూల్ ప్రకారం అడగక్కర్లేదు, దించేయాలి. నేను నేర్పినవాడే. అయినా నన్ను అడిగాడు. ఉండు, ఇంకొంచెం దగ్గరికి రానీ, చక్రాలు నేలకి ఆనేది వీడియోలో పడాలి అన్నాను. చెయ్యి ఊపి డ్రోన్‌ని రన్‌వే వైపు పిలిచాను. కారు పార్కింగ్ చేయిస్తున్నట్టు, రా రా అని.

పక్కగాలి ఒక్కసారి కొట్టింది. పొద్దున్నించి లేని గాలి. విమానం మా వైపు జరిగింది. డ్రోన్ తగిలిన చప్పుడు పెద్దది కాదు, తలుపు గడియ పడ్డంత. ముందు అద్దం మాత్రం లేకుండా పోయింది.

ఇంకా రెండు వందల అడుగుల ఎత్తులో ఉన్నాడు. రేడియోలో గాలి హోరు. తర్వాత అతని గొంతు. మేడమ్, ఒక పక్క కనిపించట్లేదు.

చెట్లు చూడు అన్నాను. చెట్లు కనిపిస్తున్నాయా, వాటినే చూడు, నేల సంగతి నేను చెప్తాను. మూడేళ్ళలో మొదటిసారి అతన్ని నువ్వు అన్నాను.

దించాడు. పద్దెనిమిదేళ్ళుగా నేర్పుతున్నాను, అంత మెత్తటి ల్యాండింగ్ చూడలేదు. నేను పరుగెత్తుకు వెళ్ళేసరికి ఇంజన్ కట్టేసి, స్విచ్‌లన్నీ ఆఫ్ చేసి, చెక్‌లిస్టు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. దాని మీద రక్తం కారుతోంది. ఏం తగిలింది మేడమ్, పక్షా అని అడిగాడు.

బెల్టు విప్పి అతన్ని కిందికి దించాను.

జూన్ 10, సోమవారం

ఎడమ కన్ను తీసేశారు.

జూన్ 12, బుధవారం

విచారణ అధికారి వచ్చాడు. సన్నటి మనిషి, మెత్తటి మాట. నా వంతు వచ్చేసరికి తమ్ముడు చెప్పాల్సింది చెప్పేశాడు. ఎవరికీ చెప్పకుండా తనే వచ్చాడట. అక్కకి సర్‌ప్రైజ్ ఇద్దామనుకున్నాడట. నేను గడ్డిలోకి వచ్చేసరికే డ్రోన్ గాల్లో ఉందట, దించెయ్యమని నేను అరిచానట.

గది బయట నన్ను పట్టుకుని చెప్పాడు. నీకు లైసెన్స్ పోతే నువ్వు ఉండవక్కా, నాకు తెలుసు. నేను ఏ షాపులోనైనా కూర్చుంటా. ఒకటే చెప్దాం.

లోపల అధికారి అడిగింది ఒక్క ప్రశ్న. మీ తమ్ముడు చెప్పినదానికి మీరు కలపాల్సింది ఏమైనా ఉందా?

లేదు అన్నాను.

సంతకం పెట్టాను. నా సంతకం ఎప్పటిలాగే నీట్‌గా వచ్చింది.

జూన్ 15, శనివారం

హాస్పిటల్. కట్టు మీద కట్టు. కూతురు మంచం పక్కన కుర్చీలో నిద్రపోతోంది, పరీక్షలు మధ్యలో వదిలేసి వచ్చింది. రైట్‌రైట్ ముందు విమానం గురించి అడిగాడు. రిపేరు అవుతుందా, పాపం మంచి బండి అన్నాడు.

స్కూలు వాళ్ళు వచ్చి వెళ్ళారట. ఒంటికన్నుతో పిల్లల బస్సు ఇవ్వరు మేడమ్, ఇవ్వకూడదు కూడా అన్నాడు. ఇరవై ఏళ్ళు ఒక్క పిల్లకి గీత పడనివ్వలేదు అన్నాడు. ఏడవలేదు. రేడియోలో మీ గొంతు లేకపోతే నేను లేను మేడమ్ అన్నాడు.

చెప్పడానికి నోరు తెరిచాను. అప్పుడే కూతురు లేచి, నమస్తే మేడమ్, నాన్నని మీరే కాపాడారట అంది. నోరు మూసుకున్నాను. సాకు దొరికినందుకు లోపల ఎక్కడో సంతోషించాను కూడా. రాసుకుంటున్నాను, ఇక్కడైనా నిజం ఉండాలి.

జూన్ 20, గురువారం

మరదలు వచ్చింది. తమ్ముడు ఆమెకి కూడా నిజం చెప్పలేదు. సామానంతా సీజ్ చేశారు, కేసు పెట్టారు, మనిషి గోడకి తిరిగి పడుకుంటున్నాడు. అది కాదు ఆమె బాధ. వదినా, మీ క్లాసుల్లోనే కూర్చున్నాడు కదా, నెలనెలా విన్నాడు కదా, ఒక్క ముక్కైనా బుర్రకెక్కలేదా ఈయనకి? మీ పరువు కూడా తీశాడు. మీరే క్షమించాలి.

క్షమించాను అన్నాను. నా నోటితో నేనే.

జూలై 4, గురువారం

రిపోర్టు వచ్చింది. పేజీన్నర. ఆపరేటర్ తన సొంత నిర్ణయంతో, ఎవరికీ తెలియకుండా. అనుమతి శాశ్వతంగా రద్దు. కిందనుంచి నాలుగో లైను నా గురించి: ఇన్‌స్ట్రక్టర్ సమయస్ఫూర్తి, రేడియోలో ఇచ్చిన సూచనలు ప్రశంసనీయం.

ఆ లైను కింద ఎవరో పసుపు గీత గీసి నోటీసు బోర్డు మీద పెట్టారు. మెకానిక్ వచ్చి చెయ్యి కలిపాడు.

జూలై 7, ఆదివారం

డ్రోన్ రూల్స్ క్లాసు. ముప్పై నాలుగు మంది. కుర్చీలు చాల్లేదు. ఈ ప్రమాదాన్నే ఉదాహరణగా చెప్పమని క్లబ్బు వాళ్ళు అడిగారు. చెప్పాను. ఒక ఆపరేటర్ అన్నాను. నిర్లక్ష్యం అన్నాను. ఎవరూ నిద్రపోలేదు.

జూలై 8, సోమవారం

ఎగరలేదు. ఒంట్లో బాగాలేదని చెప్పాను. అబద్ధమూ కాదు.

జూలై 21, ఆదివారం, ఉదయం 11:00

రైట్‌రైట్ క్లబ్బుకి వచ్చాడు. బస్సులో వచ్చాడు, ప్రయాణికుడిలా. మెట్టు దగ్గర కాలు ఎత్తి, ఒంటికన్నుకి లోతు తెలియక, ఎక్కడ పెట్టాలో వెతుక్కుని పెట్టాడు. ఎగిరిన గంటలు రాసుకునే లాగ్‌బుక్ తెచ్చాడు. ఆ రోజుది రాయలేదు మేడమ్, మీరు రాసి సంతకం పెడితే మూసేస్తా అన్నాడు.

రాశాను. సోలో. ఒక సర్క్యూట్, ఒక ల్యాండింగ్. తొమ్మిది నిమిషాలు. రిమార్క్స్ అని ఉన్నచోట ఏం రాయాలో తోచలేదు.

అతను నా పెన్ను వంకే చూస్తూ అన్నాడు. దిగేటప్పుడు మీరిద్దరూ కనిపించారు మేడమ్. గడ్డిలో. ఆరెంజ్ చొక్కా ఆయన చేతిలో రిమోటు, పక్కన మీరు. మీరు రమ్మని చెయ్యి ఊపుతున్నారు. నన్నే పిలుస్తున్నారనుకున్నా.

రిమార్క్స్ ఖాళీగా వదిలేసి సంతకం పెట్టాను.

అధికారి నన్ను కూడా అడిగారు మేడమ్, ఏమైనా చూశారా అని. చూడలేదన్నాను. మీరే చెప్తారనుకున్నా. మంచాన పడి అదే లెక్కేసుకున్నా, ఇవాళ చెప్తారు, రేపు చెప్తారు అని. రిపోర్టు వచ్చాక కూడా అనుకున్నా.

కోపం లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేది. అధికారికి ఎందుకు చెప్పలేదు అని అడిగాను. పిచ్చి ప్రశ్న. నేర్పినవాళ్ళ మీద ఎలా చెప్తాం మేడమ్ అన్నాడు. ఎందుకు చేశారు అని ఒక్కసారి అడిగాడు. మీ అమ్మాయికి చూపించడానికి అన్నాను. తర్వాత లాగ్‌బుక్ చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

జూలై 22, సోమవారం

ఉత్తరం రాసి విచారణ ఆఫీసులో నా చేత్తో ఇచ్చాను. పర్మిషన్ నేనిచ్చాను, దించవద్దని నేనే అన్నాను, దగ్గరికి నేనే పిలిచాను. అధికారి రెండుసార్లు చదివాడు. ఫైలు మూసేశామండీ అన్నాడు, ఏదో షాపు కట్టేసిన వేళకి వచ్చినట్టు. తర్వాత ఫోన్ తీశాడు.

జూలై 23, మంగళవారం

తమ్ముడు వచ్చాడు. కూర్చోలేదు. ఇప్పుడా అక్కా అన్నాడు. అప్పుడే చెప్పుంటే తప్పు నీదయ్యేది, నాకు సగం పడేది. ఇప్పుడు తప్పుడు వాంగ్మూలం ఇచ్చానని నా మీద ఇంకో కేసు. నేను నీ కోసం మునిగితే నువ్వు నన్ను రెండోసారి ముంచావు. నీ మనసు తేలిక చేసుకున్నావు, అంతే కదా.

తేలిక పడలేదురా అన్నాను. అప్పటికే మెట్లు దిగుతున్నాడు. కింద మరదలు నిలబడి ఉంది. పైకి చూడలేదు.

ఆగస్టు 9, శుక్రవారం

లైసెన్స్ ఇచ్చేశాను. కవర్లో పెట్టి రసీదు ఇచ్చారు. నోటీసు బోర్డు మీద పసుపు గీత కాగితం తీసేశారు, నాలుగు పిన్నులూ అలాగే ఉన్నాయి. మెకానిక్ నన్ను చూసి షెడ్డులోకి వెళ్ళాడు.

తమ్ముడికి పదిహేడు సార్లు ఫోన్ చేశాను. మోగుతుంది.

ఆగస్టు 18, ఆదివారం

రైట్‌రైట్ ఇంటికి వెళ్ళాను. కూతురు తలుపు తీసి, పక్కకి తప్పుకుంది. అతను కూర్చోమని చెప్పి, గ్లాసు నా ముందు పెట్టి, జగ్గు వంచాడు. నీళ్ళు గ్లాసు పక్కన టేబుల్ మీద పడ్డాయి. అతనికి తెలియలేదు. పోస్తూనే ఉన్నాడు.

గ్లాసు జరిపి ధార కింద పెట్టాను.