సరిత ఉరికింది, నేను వాదించాను

తమ్మీ,

నువ్వు పోయి నేటికి ఏడాది. నిన్న సిద్దిపేటలో జోడీల పందెం పెట్టారు. ఒకరు ఉరికొచ్చి చేయి తడితే, రెండోవారు చిన్నకోడూరు దాకా సైకిల్ తొక్కాలి. పందేలను తిడుతూ కరపత్రాలు రాసిన నేను, నీ బిడ్డ సరిత అడిగిందని మొదటిసారి ఒప్పుకున్నాను.

సరిత అందరికన్నా ముందొచ్చి నా చేయి తట్టింది. అప్పుడే నిర్వాహకుడు నవ్వుతూ, "ఆడపిల్లలున్న జోడీకి కప్పు ఇయ్యం సార్, ఉత్తగ ఉరికిస్తున్నం" అన్నాడు. సైకిల్ దిగి నిలదీశాను. అతను తప్పు ఒప్పుకునేసరికి మిగతా సైకిళ్లన్నీ వెళ్లిపోయాయి.

"గా సార్ మీద గెలిచినవ్ పెద్దబాపూ. మరి నేనెందుకు ఉరికిన?" అంది సరిత.

నేనడిగింది న్యాయమే, ఇప్పటికీ అంటాను. అయినా పిల్ల అడిగిందీ న్యాయమే. నువ్వుంటే నాతోపాటు నిలదీసేవాడివా, సైకిల్ తొక్కమని నన్ను తోసేవాడివా?