బాపు కొలతకు చేసిన కుర్చీ

1948 ఆగస్టు 29
బాపు మళ్ళీ పెరట్లో పడ్డాడు. పాయఖానా దాకా ఇరవై అడుగులు, మధ్యలో రెండు మెట్లు. పంచె పాడైంది. నేనే కడిగాను. చూపు ఆనని అమ్మ గోడ పట్టుకుని నిలబడింది. మా ఆయన ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకుని వాకిట్లోకి వెళ్ళిపోయాడు. ఛీ. ఆయన మీదా, ఆ వాసన మీదా, కడుగుతూ మొహం తిప్పుకున్న నా మీదా... రోత.

మా పుట్టింటి ఊళ్ళో గొడవలని జూన్‌లో ఇద్దరినీ చిలకలగూడకు తెచ్చుకున్నాను. "అల్లుని ఇంట్ల తినుడే సిగ్గు. గిది సుత కడిగిస్తున్న" అంటాడు బాపు. నాలుగు ముద్దలు తిని లేస్తున్నాడు. తింటే వెళ్ళాల్సి వస్తుందని.

ఆగస్టు 31
సందు చివరి వడ్రంగి ఖాసిం భాయిని పిలిచాను. మెట్లు తీసెయ్యమంటే వద్దన్నాడు. "వాన నీళ్ళు ఇంట్లకొస్తయి బిడ్డా. కుర్చీ చేస్తా. నడుమ రంధ్రం, కింద బకెట్. గదిలనే పెట్టుకోండ్రి."

నేల మీద కూర్చుని బాపు మోకాలి నుంచి మడమ దాకా దారంతో కొలిచాడు. బాపు తల వంచుకునే ఉన్నాడు.

"మా అబ్బకు సుత చేసిన పెద్దయ్యా. చేతులు ఆనుకునేతందుకు కట్టెలు పెడ్త. నిన్ను ఎవ్వరు పట్టుకునే పని లేదు."

అప్పుడు తలెత్తాడు.

సెప్టెంబర్ 4
అమ్మ ఒప్పుకోదు. ఆ గదిలో దేవుడి పటాలున్నాయి, పక్కన వంటిల్లు. "మడి మంటల కలుస్తది." దేవుడు ఎక్కడైనా ఉండగలడు, బాపుకు ఉన్నది అదొక్కటే గది. పటాలు నేనే ముందుగదిలోకి మార్చాను. అమ్మ తడుముకుంటూ వచ్చి ఒక్కో పటం తుడిచింది.

సెప్టెంబర్ 12
కుర్చీ అయిందట. నున్నగా చేయడం మిగిలింది. "పెద్దయ్య తోలు పల్చగుంది, గీరుకపోతది." ఇంకో రెండు రోజులు.

సెప్టెంబర్ 14
ఇండియా మిలిటరీ నిజాం మీదికి బయలుదేరిందట. దుకాణాలన్నీ బంద్.

సెప్టెంబర్ 17
నిజాం లొంగిపోయాడని రేడియోలో చెప్పారు. వీధిలో డప్పులు. ఎదురింటాయన వచ్చి చేతిలో మిఠాయి పేడా పెట్టాడు. లోపల బాపు పక్క తడిపి, గోడ వైపు తిరిగి ఏడుస్తున్నాడు.

సెప్టెంబర్ 19
సాయిబుల దుకాణాల మీద పడి, ఖాసిం భాయి దుకాణం తలుపులు విరగ్గొట్టారు. పెళ్ళాం పిల్లలతో ఎటో వెళ్ళిపోయాడట. పేడా పెట్టిన ఎదురింటాయనే ఆయన రంపం భుజాన వేసుకుని పోతున్నాడు. పళ్ళికిలించాడు కూడా.

సెప్టెంబర్ 20
మా ఆయన కుర్చీ మోసుకొచ్చాడు!

"మన కొరకే చేసిండు గద. ఇంకెవడన్న ఎత్తుకపోతే?"

దుకాణం లోపలికి పోయావా అంటే తువ్వాలుతో చెమట తుడుచుకున్నాడు. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పు అడిగాడట ఇంకొకడు. తిరిగి పెట్టి రమ్మన్నాను. అంతలో బాపు పిలిచాడు... తొందరగా.

కూర్చోబెట్టాను. పాదాలు సరిగ్గా నేలకు ఆనాయి. నన్ను బయటికి పొమ్మన్నాడు. మూడు నెలల్లో మొదటిసారి.

మధ్యాహ్నం మారు అన్నం అడిగాడు. కుర్చీ ఖాసిం ఎప్పుడిచ్చి పోయిండు అంటే, పొద్దున అన్నాను. వడ్డిస్తుంటే నా చేతులు చూసి నాకే అసహ్యం వేసింది.

సెప్టెంబర్ 27
ఖాసిం భాయి వచ్చాడు. భయానికి గడ్డం తీసేసుకున్నాడు, గుర్తుపట్టలేకపోయాను. గుమ్మం బయటే నిలబడ్డాడు.

"ఏం మిగల్లేదు బిడ్డా. పెద్దయ్య కుర్చీ సుత ఎత్తుకపోయిన్రు. మాట తప్పిన. కట్టె దొరికినంక ఇంకోటి చేస్తా. అప్పటిదాక జెర తక్లీఫ్ పడుండ్రి."

మా ఆయన పేపర్లో తల దూర్చాడు. నేను బాపు గది తలుపు దగ్గరకు వేశాను.

"పెద్దయ్యను చూసి పోత" అని చెప్పులు విడిచాడు.

"పడుకున్నడు" అన్నాను.

మళ్ళీ చెప్పులు తొడుక్కున్నాడు. మంచినీళ్ళు కూడా అడగలేదు. లోపలికి వెళితే బాపు కుర్చీలోనే ఉన్నాడు, కళ్ళు తెరిచి. అంతా విన్నాడు.

సెప్టెంబర్ 28
బాపు పొద్దుటి నుంచి అన్నం ముట్టలేదు. కుర్చీ తీసెయ్యమనడు, దాని మీద కూర్చోడు. మా ఆయన ఆఫీసుకు వెళ్ళాడు. ఖాసిం భాయి ఇప్పుడు ఎక్కడ ఉంటున్నాడో నిన్న నేను అడగనే లేదు.