అన్నకు వదిన పెట్టిన గిన్నె

శనివారం, రాత్రి

ఈ రోజు అన్న తద్దినం. పెరట్లో ముద్ద పెట్టి మధ్యాహ్నం దాకా పిలిచినా కాకి ముట్టలేదు. ఫ్రెంచి సిపాయిగా సైగాన్ వెళ్లిన అన్న అక్కడ కట్టుకుని తెచ్చిన వదినను అమ్మ ఈ ఏడూ పిలవనివ్వలేదు. నేనూ గట్టిగా అడగలేదు.

సాయంత్రం కోసపాళయంలో ఆమె నడిపే పూటకూళ్లింటికి వెళ్లాను. ఎప్పటిలాగే జనం, నవ్వులు. మూల బల్ల దగ్గర మాత్రం ఎవరూ లేరు. దాని మీద గిన్నెడు అన్నం, చేపల పులుసు, తినే పుల్లలు రెండు, పక్కన కాలిపోయిన అగరొత్తి. వాళ్ల దేశంలో పోయినవాళ్లకు అలాగే పెడతారు.

"రా మరిదీ. మీ అన్న తినేసినాడు, ఇంక మనం తినొచ్చు," అని ఆ గిన్నెలోదే నాకు పెట్టింది. తద్దినం పెట్టినవాడు రాత్రి తినకూడదు. తిన్నాను.

"ఆడ కాకి వచ్చిందా?"

"వచ్చింది వదినా." ఆమె మొహం వెలిగింది. ఛీ, నా బతుకు.

ఇంటికొస్తే అమ్మ ఇంకా ఆ ఎండిన ముద్ద దగ్గరే కూర్చుని ఉంది.

"వానికి మన మీద ఏం కోపమురా?"

తెలియదన్నాను. పులుసు వాసన తగులుతుందని దూరంగా నిలబడి.